వీధి వస్తువులూ సౌందర్య ప్రశ్న

సౌందర్యాన్ని గురించి మాట్లాడేవాళ్ళు వీధిలోకి రారన్నది ఒకప్పుడు మన ఫిర్యాదు. వెన్నెలా, కలువలూ, ప్రేయసి కనుబొమలూ దాటి కవి చూపు సాగదని అభ్యుదయ విమర్శకులు చాలాకాలం విసుక్కున్నారు. ఆ ఫిర్యాదుకు ఇప్పుడు కాలం చెల్లింది. అందరూ వీధిలోకి వచ్చారు. పండ్ల తోపుడు బండి ఛాయాచిత్రమై మేడలలో గోడ ఎక్కింది. లారీ వెనక పెయింటరు రాసే బొద్దు అక్షరాలు దిండు గలేబుల మీద అచ్చయి అమ్ముడుపోతున్నాయి. పాత తూనికరాళ్ళూ, బొగ్గుల ఇస్త్రీపెట్టే, ఇత్తడి టీ బాయిలరూ ఖరీదైన హోటళ్ళలో అలంకారాలుగా నిలబడుతున్నాయి. ఎవరూ లక్ష్యపెట్టని వస్తువులో అందాన్ని పట్టుకోగలగడం ఈనాడు సంస్కారానికి గుర్తయిపోయింది.

ఇది మనం కోరుకున్నదే కదా, సంతోషించక ఈ సణుగుడు ఎందుకని అడగవచ్చు. సణుగుడుకు కారణం వుంది. తోపుడు బండి బొమ్మ గోడ ఎక్కుతున్న నగరంలోనే అసలు తోపుడు బండిని పురపాలక సిబ్బంది లారీ ఎక్కిస్తున్నారు. ఆ పనికి పెట్టిన పేరు "సుందరీకరణ". 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర ఇళ్ళు కూల్చి, ఎదురు తిరిగినవారిమీద కాల్పులు జరిపినప్పుడు కూడా అధికారుల నోట వున్న మాట నగర సౌందర్యమే. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరగబోతుండగా, నగరంలో భిక్షాటనను రెండు నెలలపాటు నిషేధించి, బిచ్చమెత్తుకునేవాళ్ళను వీధుల నుంచి ఏరి జైళ్ళ శాఖ నడిపే ఆశ్రమాలకు తరలించారు. అందం అనే మాటకు ఇంత బలం వుంది. ఎవరి చేతికి చిక్కితే వారికి పనిచేసిపెడుతుంది. కనక వీధిలోని ఒక వస్తువు అందంగా వుందనడం తీరికవేళ చెప్పుకునే కబురు కాదు. ఆ వస్తువు అక్కడ వుండవచ్చునా, దాని పక్కన నిలబడ్డ మనిషి అక్కడ వుండవచ్చునా అనే తగవులో అదొక సాక్ష్యం.

ఆ సాక్ష్యానికి విలువ ఎంత? ఇక్కడ అందం వస్తువులో వుందా, చూసేవాడి కంటిలో వుందా అన్న పాత ప్రశ్న దగ్గరికి రాక తప్పదు. కాంట్ 1790లో ప్రకటించిన గ్రంథంలో సౌందర్య నిర్ణయానికి ఒక షరతు పెట్టాడు. చూసేవాడికి ఆ వస్తువుతో ఏ అవసరమూ, ఏ ఆశా వుండరాదు. అంటే ఆకలిమీద వున్నవాడు అరటిగెల అందాన్ని గురించి తీర్పు చెప్పలేడన్నమాట. మనవాళ్ళు కొందరు ఈ వాదాన్ని భావవాదమని ఒక్క మాటతో కొట్టేస్తారు. అంత తొందర అక్కరలేదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వడ్డీకి తెచ్చిన డబ్బు సాయంత్రానికి తిరిగి కట్టాలనే దిగులులో వున్నవాడికి తన బండిలోని బత్తాయిల రంగు కనపడదు. కాని ఈ షరతును వీధికి వర్తింపజేస్తే ఏమవుతుందో చూడండి. బండి తోసేవాడూ, బండి దగ్గర బేరమాడే ఇల్లాలూ, బండిని పట్టుకునే పోలీసూ – వీరెవరూ అందం చూడటానికి అర్హులు కారు. మూడో అంతస్తు వరండాలో కాఫీ తాగుతూ కిందికి చూసేవాడొక్కడే అర్హుడు. తీరికే సౌందర్య దృష్టి అయి కూర్చుంటుంది. దీన్ని కాదని 1855లో చెర్నిషెవ్‌స్కీ తన సిద్ధాంత వ్యాసంలో పల్లెటూరి రైతు మెచ్చే అందం వేరనీ, దొరల అందం వేరనీ, రెండింటికీ మూలం వారు బతికే బతుకులో వుందనీ వాదించాడు. ఆ వాదం మనకు దారి చూపింది. అయితే అది మనుషుల అందాన్నీ, ప్రకృతినీ, కళనూ గురించి ఎక్కువ చెప్పింది. పనిముట్ల సంగతి మనమే ఆలోచించుకోవలసి వుంది.

వాడకం అందానికి అడ్డమనుకునేవారు చెప్పులు కుట్టే మనిషి ఎదుట పది నిమిషాలు నిలబడి చూడాలి. ఆయన ముందు ఒక ఇనప దిమ్మ వుంటుంది. దానికి మూడు కొమ్మలు, ఒక్కొక్క కొమ్మ చివర ఒక్కొక్క పరిమాణంలో పాదం ఆకారం. ఏ కొమ్మతో పనివుంటే దాన్ని పైకి తిప్పుతాడు. మిగిలిన రెండూ దానికి కాళ్ళవుతాయి. ఇప్పుడు కాలుగా నిలబడ్డది మరుక్షణం పనిబల్ల అవుతుంది. అందులో ఊరికే కూర్చున్న భాగం లేదు. ఏళ్ళతరబడి పడిన సుత్తి దెబ్బలకు పైభాగాలు నునుపెక్కి వెండిలాగా మెరుస్తుంటాయి. దెబ్బపడని సందులలో మట్టుకు ఇనుము నల్లగానే మిగిలిపోతుంది. ఆ మెరుపు ఎవరూ పూయలేదు. అది పని రాసిపెట్టుకున్న లెక్క. వాడకం తెలియనివాడికి ఈ దిమ్మ వంకర ఇనప ముద్ద. తెలిసినవాడికి, కొమ్మ తిరిగినప్పుడల్లా ఒక ఆలోచన కళ్ళముందు తిరుగుతుంది. ఇక్కడ కాంట్ షరతు తలకిందులయింది: అవసరాన్ని మరిచిపోతే అందం కూడా పోతున్నది.

పండ్ల బండి సంగతీ ఇంతే. గుండ్రని పండ్లను తక్కువ చోటులో ఎక్కువ పట్టేట్టు పేర్చడం ఎట్లాగన్నది గణితవేత్తలను చాలాకాలం వేధించిన ప్రశ్న. మూడు పండ్ల నడుమ పల్లంలో నాలుగోది కూర్చునే పేర్పును మించింది లేదని కెప్లర్ 1611లో ఊహించాడు. ఎంత బాగా పేర్చినా నూటికి 74 పాళ్ళకు మించి చోటు నిండదని ఆ ఊహకు అర్థం. థామస్ హేల్స్ 1998లో దానికి రుజువు చూపాడు. ఆ రుజువును కంప్యూటరు సాయంతో అక్షరం అక్షరం సరిచూడటం 2014లోగాని పూర్తికాలేదు. బత్తాయిల బండిమీద మాత్రం రోజూ తెల్లవారేసరికి ఈ పేర్పు తయారై వుంటుంది. దీన్నిబట్టి బండివాడు కెప్లర్ అంతవాడనడం వట్టి పొగడ్త. అతను లెక్క కట్టి పేర్చలేదు. గుంటల రోడ్డుమీద బండి కుదిపితే పండ్లు దొర్లిపోకూడదు, దూరాన పోయేవాడికి రాశి పెద్దదిగా కనపడాలి, మచ్చ పడ్డది లోపలికి పోవాలి – ఇవీ అతని కారణాలు. మూడో కారణం మనకు నచ్చకపోవచ్చు. అయినా ఆ రాశి అందం ఈ మూడు కారణాలనుంచి పుట్టిందే. వాటిని తీసేసి కేవలం రంగుల గోపురంగా చూసేవాడు అందులో సగమే చూస్తున్నాడు.

బండివాడికి తన బండి అందం తెలియదనీ, దాన్ని కనిపెట్టడానికి చదువుకున్నవాడు రావాలనీ ఒక నమ్మకం వుంది. శ్రామికుడికి అందంతో పనేమిటి, కూడు దొరికితే చాలుననే మన శిబిరంలోని మొరటు వాదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. రెండూ అబద్ధమే. కోస్తా పట్నాలలో సైకిలు రిక్షాలు జోరుగా తిరిగిన రోజులలో వాటి వెనక రేకుమీద సినిమా తారల బొమ్మలూ, నెమళ్ళూ, తామరపూలూ వుండేవి. హ్యాండిలుకు రంగురంగుల కుచ్చులు వేలాడేవి. వాటివల్ల ఒక్క సవారీ కూడా ఎక్కువ రాదని రిక్షావాడికి తెలియదా? దసరాకు ఆయుధపూజ నాడు మెకానిక్కు తన పానాలను కడిగి తుడిచి వరసగా పేర్చి పసుపూ కుంకుమా పెడతాడు. ఇస్త్రీ బండి ఆయన పెట్టెకు బంతిపూల దండ వేస్తాడు. హేతువాదులం గనక మనం దీన్ని మూఢాచారం జాబితాలో వేసి ముందుకు సాగిపోతాం. పూజ సంగతి ఎట్లా వున్నా, పనిముట్టును పనినుంచి ఒక్కరోజు తప్పించి ఎదుట పెట్టుకుని చూసుకునే రోజు అది. కాంట్ కోరిన తీరిక శ్రామికుడికి ఏడాదికి ఒక్కపూట దొరికితే అతను ఏం చేస్తాడో అక్కడ తెలుస్తుంది.

ఇంతవరకూ సులువైన దారి. ఇక చిక్కు వున్నచోటికి రావాలి.

నగరపు నడివీధిలో పాదాల కింద వుండే మ్యాన్‌హోల్ మూతను తీసుకుందాం. వీధి వస్తువుల అందాన్ని ప్రేమించేవారికి ఇది పరమ ప్రీతిపాత్రం. జపానులో 1980ల నుంచి ఊరూరా ఒక్కొక్క బొమ్మతో మూతలు పోస్తున్నారు. వాటిని వెతుక్కుంటూ తిరిగేవాళ్ళున్నారు. మన మూతలకు అంత అలంకారం లేదు గాని, చూస్తే బాగానే వుంటాయి. మూత గుండ్రంగా ఎందుకుంటుందంటే, ఏ పక్కకు తిప్పినా దాని అడ్డం ఒక్కటే గనక తన కంతలోకి తాను జారి పడిపోదు. పలకమూత అయితే మూలగా తిప్పినప్పుడు పడిపోతుంది. దాని మీది గళ్ళూ బొడిపెలూ సొగసు కోసం కాదు. వానలో కాలూ చక్రమూ జారకుండా పట్టు కోసం. బండ్లు నడిచిన మేర గళ్ళు అరిగి అంచుల దగ్గర మట్టుకు మిగిలిన పాత మూత, అరిగిన నాణెంలాగా చేత పట్టుకోవాలనిపిస్తుంది. ఇనప దిమ్మకు చెప్పిన న్యాయమే దీనికీ చెల్లుతుందనుకుందాం. వాడకం తెలుసుకుందాం.

పైన తెలిసేది ఒకటి. న్యూయార్కు వీధులలోని మూతలు అనేకం మన దేశంలో పోసినవి. వాటిమీద ఇండియా పేరు పోత అక్షరాలలో వుంటుంది. హౌరాలోని పోత కార్ఖానాలలో ఇసక అచ్చులు కట్టి, కరిగిన ఇనుమును మనుషులు మోసుకొచ్చి పోస్తారు. 2007లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన ఛాయాచిత్రాలలో ఆ మనుషులు చొక్కాలు లేకుండా, వట్టి పాదాలతో వున్నారు. నిప్పురవ్వల వెలుగులో ఆ బొమ్మలు ఎంతో అందంగా వున్నాయన్నది ఇంకో సంగతి. ఆ నగరపు విద్యుత్ కంపెనీ కొనుగోలు ఒప్పందాలలో రక్షణ నిబంధనలు చేరుస్తామని చెప్పింది ఆ బొమ్మలు చూసిన పిమ్మటే. న్యూయార్కు మనిషి అడుగు కింద హౌరా మనిషి పేరు వుండదు, దేశం పేరు వుంటుంది.

కింద తెలిసేది ఇంకొకటి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత, నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణకూ మురుగు పారుదలకూ పథకం వేయించింది. నగరమంటే రోడ్లూ మేడలేగాక నేల కింది గొట్టాలు కూడానని మన ప్రాంతంలో స్థిరపడ్డ కాలం అది. గొట్టం పూడితే తియ్యాలి. తియ్యడానికి మూత ఎత్తి మనిషి దిగాడు. ఆ మనిషి ఏ కులంవాడో చెప్పనక్కరలేదు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టమూ, మురుగు గొట్టాలలో రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని కూడా నేరం చేస్తూ 2013లో మరో చట్టమూ వచ్చాయి. మురుగులో ఊపిరాడక చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. చట్టం అమలయివుంటే పరిహారం పెంచవలసిన అవసరం ఏముంది?

ఇప్పుడు మూత వంక చూడండి. దాని గుండ్రదనమూ, గళ్ళూ ఎక్కడికీ పోలేదు. కాని తెలుసుకునే కొద్దీ చెప్పులవాడి ఇనప దిమ్మ అందం పెరిగింది. తెలుసుకునే కొద్దీ ఈ మూత అందం కంట్లో నిలవడం కష్టమైంది. ఈ తేడాయే మనకు కావలసింది. వీధి వస్తువులన్నిటిలోనూ అందం వుందని మురిసేవాడూ, పేదల వస్తువులో అందం చూడటమే నేరమని కళ్ళెర్రజేసేవాడూ ఈ తేడాను గమనించరు. నా మట్టుకు నాకు మూత అందం అబద్ధమనిపించదు. అది అచ్చు కట్టిన చేతి నేర్పు. దాన్ని కాదంటే హౌరా మనిషి దగ్గర వున్న ఒక్క ఆస్తినీ లాక్కున్నట్లవుతుంది. కాని మూత దగ్గరే ఆగిపోయే చూపు మూత చేసే పనే చేస్తుంది.

ఇంకా కఠినమైన వుదాహరణ తట్ట. చేతితో మలం ఎత్తే స్త్రీలు నెత్తిన మోసిన వెదురు తట్ట అల్లికలో పూలసజ్జకు ఏమీ తీసిపోదు. దాన్ని కడిగి గాజుబీరువాలో పెట్టి పక్కన చీటీ అంటిస్తే చూసేవాళ్ళు మెచ్చుకునే పోతారు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఉత్తరాది రాష్ట్రాలలో ఆ పని వదిలేసిన స్త్రీలు అనేకచోట్ల ఆ తట్టలను నలుగురి ఎదుటా తగలబెట్టారు. కోలారు బంగారు గనులలోని తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ వంటివారు నడిపిన ఉద్యమం ఈ తెగువకు వెనక వుంది. 2016లో ఆయనకు మెగసెసే బహుమానం వచ్చింది. తట్టను భద్రపరచాలా, కాల్చాలా? మోసినవారే తీర్పు చెప్పారు. ఆ మంట ముందు వెదురు అల్లిక సొగసును గురించి ఉపన్యాసం ఇవ్వగలవాడికి సౌందర్యం గురించి ఏదో తెలిసివుండవచ్చు, మనుషుల గురించి మట్టుకు తెలియదు.

అయితే ఇక్కడ మనవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. కలకత్తాలో మనిషి లాగే రిక్షాను చూడండి. పెద్ద చక్రాలు రెండు, పొడుగాటి కాడులు రెండు. బరువును సమంగా తూచి నిలిపే తేలికైన పనితనం. బిమల్ రాయ్ 1953లో తీసిన "దో బిఘా జమీన్"లో ఆ రిక్షాను చూసినవారెవరూ దాని సొగసును గురించి మాట్లాడలేరు. 2006లో బెంగాలు శాసనసభ దాన్ని వీధులనుంచి తొలగించడానికి చట్టాన్ని సవరించింది. నగరపు గుర్తు పోతున్నదని పాతను ప్రేమించేవారు కన్నీరు పెట్టారు. మానవజాతికి అవమానం తొలగుతున్నదని ప్రభుత్వం పక్షాన చెప్పారు. ఎక్కువమంది బీహారు పల్లెలనుంచి వచ్చిన ఆ లాగేవాళ్ళు అడిగింది వేరు: మరి మేం ఏం చేసి తినాలి? అందమన్నవారూ, అవమానమన్నవారూ కూడా మేడమీదినుంచే చూశారు. తట్టను కాల్చినది దాన్ని మోసిన మనిషి. రిక్షాను తీసేస్తామన్నది దానిలో ఎక్కి తిరిగిన మనిషి. ఈ రెండు పనులూ ఒకటి కావు.

తక్కువ చూపుకు గురైన వస్తువును సాహిత్యంలోకి తేవడమంటే దానికి అందం పూయడం కాదని మనకు చూపినవాడు జాషువా. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే, 1941లో వచ్చిన "గబ్బిలం"లో అంటరానివాడికి గబ్బిలం దూత అయింది. జాషువా గబ్బిలం ముఖం అందంగా వుంటుందని ఎక్కడా మనల్ని ఒప్పించబోలేదు. తనను రానివ్వని గుడిలోకి అది వెళ్ళగలదు – అది చాలు. ఎగిరే చోటునుబట్టి, ఎవరి మాట మోస్తున్నదన్నదానినిబట్టి ఆ పిట్టకు గౌరవం వచ్చింది. ఛాయాచిత్రకారులు ఇది గమనిస్తే బాగుండును.

వాడుక వస్తువుల అందాన్ని గురించి గట్టిగా ఆలోచించిన యనాగి సోఎత్సు (1889–1961) కూడా ఇక్కడే తడబడ్డాడని నా అభిప్రాయం. ఆయన పేరులేని పనివాళ్ళు చేసిన గిన్నెలనూ చాపలనూ సేకరించి 1936లో టోకియోలో మ్యూజియం పెట్టాడు. అంతకుముందు జపాను పాలనలో వున్న కొరియాకు వెళ్ళి, అక్కడి పింగాణీని ప్రేమించి, 1924లో సియోలులో ఒక ప్రదర్శనశాల నెలకొల్పాడు. జపాను ప్రభుత్వం అక్కడి పాత రాజద్వారాన్ని కూల్చబోతే నిరసిస్తూ రాశాడు. మంచి మనిషే. కాని కొరియా వస్తువులలోని అందం దుఃఖంలోనుంచి పుట్టిన అందమని ఆయన సూత్రీకరించాడు. ఆ దుఃఖం మా వస్తువుల స్వభావం కాదు, మీరు చూసిన కాలం స్వభావమని కొరియా పండితులు తరువాత ఎదురు చెప్పారు. పనివాడికి పేరు లేకపోవడం కూడా ఆయనకు ఒక సుగుణంగా కనపడింది. పేరు లేకపోవడం వినయం కాదు. పేరు రాసుకునే చోటు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఈ మాటలన్నీ మళ్ళీ తోపుడు బండి దగ్గరికే చేరాలి. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ప్రతి పట్నంలోనూ ఒక వీధి విక్రయ కమిటీ వుండాలనీ, అందులో నూటికి 40కి తగ్గకుండా వ్యాపారులు తామే ఎన్నుకున్న ప్రతినిధులు వుండాలనీ, వారిలో మూడోవంతు స్త్రీలు కావాలనీ, సర్వే జరిపి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదనీ దానిలో వుంది. మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ చట్టాన్ని సౌందర్య శాస్త్రంలో భాగంగా చదవరు. కార్మిక చట్టాల గదిలోకి నెట్టేస్తారు. కాని ఫుట్‌పాత్ మీద ఏది వుంటే చూడసొంపు, ఏది వుంటే రోత అన్నది ఇప్పుడు తేలేది ఆ కమిటీ బల్ల దగ్గరే. ఒకవైపు ఇంజనీరు పటం పరుస్తాడు. అందులో పూలకుండీలకు చోటుంటుంది, బత్తాయిల బండికి వుండదు. ఎదుట కూర్చున్న ప్రతినిధికి తన బండి ఎంత వెడల్పో, ఎండ ఎటునుంచి పడితే పండు వాడిపోతుందో, మధ్యాహ్నం ఎవరు ఆ చెట్టు నీడకు వచ్చి కూర్చుంటారో తెలుసు. పటంలో బండికి నాలుగడుగులు అడగాలంటే వీటన్నిటినీ చెప్పాలి. కమిటీలకు ఎన్నికలు సక్రమంగా పెట్టించడం, పెట్టినచోట ఆ ప్రతినిధి పక్కన కూర్చుని పటాన్ని చదివిపెట్టడం మన కాలేజీ కుర్రాళ్ళు చేయగల పని. ఫొటోలు తీసే సరదా వున్నవారు ఆ కొలతలు కూడా రాసుకోవచ్చు.